పీహెచ్‌డీ చేసినవాళ్లు బడిలో సైన్స్ టీచర్‌గా మారాలంటే: బీఈడీ, పోస్టులు, మొదటి పాఠం

ఎంజైమ్36 (ప్రశ్న):

నమస్కారం. బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ అయింది. ప్రస్తుతం హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో రీసెర్చ్ అసోసియేట్‌ని. ప్రాజెక్టు మార్చితో ముగుస్తుంది. వయసు 36. ఇంకో ప్రాజెక్టు వెతుక్కోవచ్చు గానీ, హైస్కూలు పిల్లలకు సైన్స్ చెప్పాలని గట్టిగా ఉంది. అడగదలచుకున్నవి ఇవి.

పీహెచ్‌డీ ఉన్నా బీఈడీ తప్పదా? ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో చేయొచ్చా? నా వయసుకు ఏ పోస్టులకు దారి ఉంది? జీతం ఎంత తగ్గుతుంది? అన్నిటికంటే ముఖ్యంగా, ల్యాబ్ నుంచి నేరుగా తరగతి గదిలోకి వెళ్లేవాళ్లు మొదట్లో ఎక్కడ తప్పటడుగు వేస్తారు? అనుభవం ఉన్న టీచర్లు ఉన్నదున్నట్టు చెప్పగలరు.

నల్లబల్ల (జవాబు):

ముందు కాగితాల సంగతి చూద్దాం, సగం మంది అక్కడే ఇరుక్కుంటారు.

సర్కారు బడికైనా, కేంద్రీయ విద్యాలయానికైనా బీఈడీ తప్పదు. పీహెచ్‌డీకి మినహాయింపు లేదు, డీఎస్సీలో (రాష్ట్ర ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) అదనపు మార్కులూ లేవు. ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2014 నిబంధనల ప్రకారం బీఈడీ రెండేళ్లు. అందులో 20 వారాలు బడిలో ఇంటర్న్‌షిప్. హాజరు తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం ఉండాలి. అంటే ఉద్యోగం పక్కన పెట్టుకుని చేసే చదువు కాదిది. "పరీక్షలకు వస్తే చాలు, హాజరు మేం చూసుకుంటాం" అనే కాలేజీలు తగులుతాయి. వాటి జోలికి పోకండి. రేపు సర్టిఫికెట్ల పరిశీలనలో ఒకే కాలానికి ఉద్యోగ అనుభవం, రెగ్యులర్ బీఈడీ రెండూ కనిపిస్తే జవాబు చెప్పుకోవాల్సింది మీరే. ఇగ్నో లాంటి దూరవిద్య బీఈడీ ఇప్పటికే ఉపాధ్యాయ శిక్షణ పొందినవాళ్ల కోసం, మీలాంటి కొత్తవాళ్లకు పనికిరాదు.

పీజీ చేసినవాళ్లకు ఏడాది బీఈడీ అంటూ ఎన్‌సీటీఈ 2025 ఫిబ్రవరిలో ముసాయిదా నిబంధనలు విడుదల చేసింది. మీరు చేరబోయే కాలేజీకి ఆ కోర్సుకు గుర్తింపు ఉన్నట్టు కాగితం మీద చూస్తే తప్ప దాన్ని నమ్ముకుని ఆగకండి.

ప్రవేశం ఎడ్‌సెట్ ద్వారా. 150 ప్రశ్నలు, 2 గంటలు. మీ సబ్జెక్టు జ్ఞానానికి ఇది పెద్ద పరీక్ష కాదు. సబ్జెక్టు బయట ఉండే ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్, కంప్యూటర్, బోధనా సామర్థ్యం భాగాల్లోనే పీహెచ్‌డీలు మార్కులు పోగొట్టుకుంటారు. ఒక నెల వాటి మీదే కూర్చోండి.

ఒక సంగతి చెప్పండి. డిగ్రీలో మీ గ్రూపు ఏది? మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఎంజైమ్36:

బీజెడ్‌సీ అండి. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ.

నల్లబల్ల:

మంచిది, బీజెడ్‌సీ మీకు కలిసొచ్చింది. బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ గ్రూపులవాళ్లు నోటిఫికేషన్‌లో తమ గ్రూపు పేరు ఉందో లేదో ముందే చూసుకోవాలి. బోటనీ, జువాలజీ డిగ్రీలో లేకపోతే ఎమ్మెస్సీ ఎంత ఘనంగా ఉన్నా కొన్నిచోట్ల తీసుకోరు.

మీ దారులు ఇవి. బీఈడీలో జీవశాస్త్ర బోధన మెథడాలజీగా తీసుకుంటే సర్కారు హైస్కూళ్లలో స్కూల్ అసిస్టెంట్ (బయలాజికల్ సైన్స్) పోస్టుకు వెళ్లొచ్చు. దానికి టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పేపర్ 2 కావాలి: 150 మార్కులు, రెండున్నర గంటలు, అర్హత ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ ఎస్టీ దివ్యాంగులకు 40. టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ, డీఎస్సీ రాతపరీక్షకు 80. అందుకని టెట్‌ని గట్టెక్కితే చాలనుకోవద్దు, అక్కడ పోయిన ప్రతి మార్కూ ర్యాంకులో తేలుతుంది. తెలుగు భాషకు టెట్‌లో 30 మార్కులున్నాయి. పదిహేనేళ్లు ఇంగ్లిష్‌లో చదివి రాసినవాళ్లు సంధులు, సమాసాలు, ఛందస్సు మళ్లీ మొదటి నుంచి చదువుకోవాలి.

కేంద్రీయ విద్యాలయాల విషయంలో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఇప్పటిదాకా వచ్చిన నోటిఫికేషన్లలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీని పీజీటీ (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్) కెమిస్ట్రీకి అర్హతగా పెట్టారు. పీజీటీ బయాలజీ జాబితాలో బోటనీ, జువాలజీ, లైఫ్ సైన్సెస్, జెనెటిక్స్, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ లాంటివి ఉంటాయి, బయోకెమిస్ట్రీ ఉండదు. అంటే మీరు అక్కడ పదకొండు, పన్నెండు తరగతులకు కెమిస్ట్రీ చెప్పాలి. పీజీటీకి వయసు 40 లోపు, టీజీటీకి (ట్రైన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) 35 లోపు. మహిళలకు పదేళ్లు, ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు ఉంటూ వచ్చింది. సడలింపు వర్తించకపోతే అక్కడ మీ చేతిలో ఉన్నది పీజీటీ ఒక్కటే. బీఈడీ అయ్యేసరికి మీకు 38 దాటుతుంది, ఒకటి రెండు ప్రయత్నాలకు మించి దొరక్కపోవచ్చు.

డీఎస్సీ ఏటా రాదన్నది కూడా లెక్కలో పెట్టుకోండి. తెలంగాణలో 2017 తర్వాత నియామకాలు జరిగింది 2024లో, 11,062 పోస్టులతో. ఆంధ్రలో 2018 తర్వాత 2025లో, 16,347 పోస్టులతో. గత తెలంగాణ డీఎస్సీలో వయోపరిమితి 46, ఆంధ్రలో 44.

జీతం: పీజీటీ మూలవేతనం 47,600. తెలంగాణ స్కూల్ అసిస్టెంట్ స్కేలు 42,300తో, ఆంధ్రలో 44,570తో మొదలు. వీటికి డీఏ, ఇంటి అద్దె కలుస్తాయి. 2023 సవరణ ప్రకారం రీసెర్చ్ అసోసియేట్‌కు 58,000 నుంచి 67,000, పైన ఇంటి అద్దె. కాబట్టి ఉద్యోగం వచ్చాక పెద్ద తేడా ఉండదు. బీఈడీ చేసే రెండేళ్లు, ఆ తర్వాత నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే కాలం, ఇవే బరువు. కనీసం మూడేళ్ల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకుని దిగండి.

కొండాపూర్_ఫిజిక్స్ (జవాబు):

పై జవాబుకు ఒకటి కలుపుతాను. హైదరాబాద్‌లో ఐబీ (ఇంటర్నేషనల్ బకలారియేట్), కేంబ్రిడ్జ్ అనే అంతర్జాతీయ పాఠ్యక్రమాల ప్రైవేటు బడుల్లో కొన్ని బీఈడీ లేకపోయినా తీసుకుంటాయి, పీహెచ్‌డీకి అక్కడ విలువ ఉంది. కారణం తేలిక. ఐబీ డిప్లొమాలో సైన్స్ సబ్జెక్టు తీసుకున్న ప్రతి విద్యార్థీ సొంత ప్రశ్నతో ఒక పరిశోధన చేసి 3,000 పదాల్లోపు నివేదిక రాయాలి. ఆ సబ్జెక్టు మొత్తం మార్కుల్లో దానికి 20 శాతం. అది కాక 4,000 పదాల వ్యాసం. ఒక్క మార్పుకారకాన్నే మార్చి మిగతావి స్థిరంగా ఉంచడం, దోషపరిమితి లెక్కగట్టడం, గ్రాఫు మీద ఎర్రర్ బార్లు గీయడం పిల్లలకు నేర్పగలవాళ్లు కావాలి. అది మీ రోజువారీ పనే.

అయితే బీఈడీ మానెయ్యమని అనను. ఆ బడి మానేసిన రోజున ఇంకెక్కడికీ వెళ్లలేరు. సీబీఎస్ఈ బడులైతే బీఈడీ అడుగుతాయి, చేరాక ఏటా 50 గంటల శిక్షణ కూడా పూర్తి చేయాలి.

పత్రహరితం (జవాబు):

తప్పటడుగు ఎక్కడ పడుతుందని అడిగారు కదా, నేను దాని గురించే రాస్తాను. మాటల్లో చెబితే అర్థం కాదు, ఒకే ఒక పాఠం తీసుకుందాం: పదో తరగతి, కిరణజన్య సంయోగక్రియ, ఆకులో పిండిపదార్థం పరీక్ష. మీ సబ్జెక్టే, కాబట్టి పొరపాటు చేయడానికి అవకాశం కూడా ఇక్కడే ఎక్కువ.

పరిశోధకులు చేసే మొదటి పని కాల్విన్ వలయంతో (కార్బన్ డయాక్సైడ్ చక్కెరగా మారే రసాయన చర్యల వరుస) మొదలుపెట్టడం. అది పిల్లలకు అక్కర్లేదు. ముందు ఒక ప్రశ్న వేయండి: "విత్తనం చిన్నది, చింతచెట్టు ఇంత పెద్దది. ఆ బరువంతా ఎక్కణ్నుంచి వచ్చింది?" తరగతిలో ఎక్కువమంది "మట్టి లోంచి" అంటారు. సరిదిద్దకండి, బోర్డు మీద రాసి ఉంచండి. తర్వాత వాన్ హెల్మాంట్ విల్లో మొక్క లెక్క చెప్పండి (1648లో అచ్చయింది). కుండీలో సుమారు 90 కిలోల ఎండుమట్టి, 2.3 కిలోల మొక్క, ఐదేళ్లు నీళ్లు మాత్రమే. చివరికి చెట్టు దాదాపు 77 కిలోలు, మట్టి తగ్గింది 57 గ్రాములు. ఇప్పుడు "మట్టి" అన్న పిల్లలే లెక్క వేసుకుని ఆగుతారు. "అయితే నీళ్లే" అంటారు. వాన్ హెల్మాంట్ కూడా అదే అన్నాడు, అదీ పూర్తి జవాబు కాదని చెప్పండి. గాలిలో 0.04 శాతమే ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇక్కడ పాఠంలోకి వస్తుంది. ఇది ఒక పీరియడు. ఒక్క రసాయన సమీకరణమూ రాయకుండా గడవాలి.

రెండో పీరియడు ప్రయోగం. 40 మంది, ఎనిమిది జట్లు, 40 నిమిషాలు, ల్యాబ్ అసిస్టెంట్ లేడు అనుకోండి. కావలసినవి:

కుండీలో ఉన్న మందార మొక్క, 48 గంటలు చీకట్లో పెట్టినది. అట్టపెట్టె బోర్లిస్తే సరిపోతుంది, అంచుల దగ్గర వెలుతురు దూరకుండా గుడ్డ చుట్టాలి. తర్వాత కొన్ని ఆకులకు నల్లకాగితం పట్టీ రెండు వైపులా కలిపి క్లిప్పు పెట్టి, మొక్కను నాలుగైదు గంటలు ఎండలో ఉంచాలి. అందుకే ఈ ప్రయోగం మధ్యాహ్న భోజనం తర్వాత పీరియడుకు పెట్టుకోండి. ఉదయం మొదటి పీరియడులో ఆకు కోస్తే పిండిపదార్థం తయారవడానికి వేళే ఉండదు, రంగు రాదు. మబ్బు పట్టిన రోజైతే వాయిదా వేయండి. కాగితం పట్టీ ఉన్న ఆకు, లేని ఆకు జట్టుకు ఒక్కొక్కటి.

మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్, జట్టుకు 10 మి.లీ., ఒక 100 మి.లీ. సీసా చాలు. టింక్చర్ అయోడిన్ 5 మి.లీ.కి 45 మి.లీ. నీళ్లు కలపండి, పలచని టీ డికాక్షన్ రంగు రావాలి. టింక్చర్ దొరక్కపోతే పోవిడోన్ అయోడిన్ ద్రావణాన్ని అలాగే పలచన చేసుకోవచ్చు. సలసల కాగే నీళ్లు రెండు లీటర్లు, ఫ్లాస్కుల్లో. పరీక్ష నాళికలు, 250 మి.లీ. బీకర్లు, పటకారు, తెల్ల సాసర్లు. చల్లారిన గంజి ఒక గ్లాసు.

స్పిరిట్ సీసా మూత తీసే ముందు గదిలో స్టవ్వు, స్పిరిట్ దీపం, అగరొత్తి ఏదీ వెలుగుతూ ఉండకూడదు. నీళ్లు కాచడం వేరే గదిలో. ఈ ప్రయోగంలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం స్పిరిట్‌ను మంట మీద నేరుగా వేడిచేయడం. దాని ఆవిరి బల్ల మీద పాకి దూరంలో ఉన్న మంటనైనా అందుకుంటుంది.

క్రమం ఇది. ఆకుల్ని ఒక నిమిషం కాగిన నీళ్లలో ముంచాలి. కణాలు చచ్చి పొరలు తెరుచుకుంటాయి, స్పిరిట్, అయోడిన్ లోపలికి వెళ్తాయి. పట్టీ తీసిన ఆకుకు కాడ దగ్గర చిన్న గాటు పెట్టి గుర్తు పెట్టుకోండి. తర్వాత చుట్టి నాళికలో పెట్టి స్పిరిట్ పోయాలి. నాళికను బీకర్‌లోని తాజా వేడినీళ్లలో నిలబెట్టాలి. ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి నీళ్లు అంతకంటే వేడిగా ఉండాలి. ఐదు నిమిషాలకు నీళ్లు మార్చాలి, మార్చకపోతే ఆకు పచ్చగానే ఉండిపోతుంది. ఎనిమిది నుంచి పది నిమిషాల్లో స్పిరిట్ పచ్చబడి ఆకు పాలిపోతుంది. ఆకు అప్పుడు అప్పడంలా పెళుసుగా ఉంటుంది, విప్పబోతే విరుగుతుంది. వేడినీళ్లలో పది సెకన్లు ముంచితే మెత్తబడుతుంది. తర్వాత మామూలు నీళ్లలో ముంచి చల్లార్చి, సాసర్ మీద పరిచి అయోడిన్ వేయాలి. వెలుతురు తగిలిన చోట పిండిపదార్థం ఉండి నీలినలుపు రంగు వస్తుంది, పట్టీ కింద రాదు.

చల్లార్చడం మరిచిపోయేవాళ్లు చాలామంది. వేడి మీద పిండిపదార్థం, అయోడిన్ కలిసి నీలిరంగు ఇవ్వవు. గంజిని కూడా చల్లార్చే పెట్టమన్నది అందుకే.

ఇంకో పెద్ద పొరపాటు: పచ్చదనం పూర్తిగా పోని ఆకు మీద అయోడిన్ వేస్తే ముదురు గోధుమ రంగు కనబడుతుంది. పిల్లలు "నలుపు వచ్చింది, పిండిపదార్థం ఉంది" అని రాసేస్తారు. అందుకని సాసర్ ఒక అంచున గంజి చుక్క, ఇంకో అంచున నీళ్ల చుక్క పెట్టి రెండింటిలో అయోడిన్ వేయించండి. పోల్చుకోవడానికి రెండు రంగులు కళ్ల ముందు ఉంటాయి. నియంత్రణ ప్రయోగం అంటే ఏమిటో విడిగా నిర్వచనం చెప్పాల్సిన పని ఉండదు, వాళ్లే "నీళ్లలో ఎందుకు వేశామంటే" అని చెప్పగలుగుతారు.

అన్ని జట్లకూ ఒకే ఫలితం రాదు. అప్పుడు పరిశోధకులు కంగారుపడి "రావాల్సింది ఇది" అని బోర్డు మీద సరైన జవాబు రాసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఎనిమిది జట్ల ఫలితాలూ పట్టికలో రాయించండి. రాని జట్టుతో ఏ మెట్టులో తేడా జరిగిందో వెతికించండి: నీళ్లు మార్చారా, పట్టీ వదులైందా, ఆకు వేడిగా ఉందా. మీరు ల్యాబ్‌లో చేసేది ఇదే కదా. బడికి మీరు తీసుకురాగల అసలైన సంపద ఇది, పిల్లలకు ఇది వేరే ఎవరి దగ్గరా అంత తేలిగ్గా దొరకదు.

భాష గురించి కూడా. తెలుగు మీడియం పిల్లలకు క్లోరోఫిల్ కంటే పత్రహరితం, స్టొమాటా కంటే పత్రరంధ్రాలు, స్టార్చ్ కంటే పిండిపదార్థం బాగా తెలుసు. ఆరు నుంచి పది దాకా పాఠ్యపుస్తకాలు ముందుపెట్టుకుని మాటల పట్టిక ఒకటి రాసుకోండి. ఆంధ్రలో 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి, రెండు భాషల్లో పక్కపక్కనే ఉంటాయి. మాటలు సరిచూసుకోవడానికి బాగా పనికొస్తాయి. ఆ పుస్తకంలో రంగురంగుల ఆకుకు మనీప్లాంట్, క్రోటన్ చెబుతారు. వాటి ఆకు దళసరి, మైనం ఎక్కువ, రంగు పోవడానికి చాలాసేపు పడుతుంది. ఒక పీరియడులో ముగించాలంటే మందారతోనే మొదలుపెట్టండి.

ఎంజైమ్36:

చాలా ధన్యవాదాలండి. రెండు సందేహాలు. ఉద్యోగం మానేముందు నాకు ఈ పని సరిపడుతుందో లేదో తేల్చుకునే దారి ఉందా? అలాగే, పరిశోధన వదిలేసి బడికి వెళ్లినవాళ్లు ఉన్నారా అని మా ప్రొఫెసర్ అడుగుతున్నారు.

నల్లబల్ల:

ఉన్నారు, అదీ పెద్ద ఎత్తున. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడుల్లో మొదలైన సైన్స్ బోధన కార్యక్రమం గురించి మీ ప్రొఫెసర్ గారికి చెప్పండి. ముంబైలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్‌లో పనిచేసిన అనిల్ సద్గోపాల్ ఆ ఉద్యోగం వదిలి కిశోర్ భారతి సంస్థ పెట్టారు. రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్‌తో కలిసి దాన్ని నడిపారు. టీఐఎఫ్ఆర్, ఢిల్లీ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు టీచర్లతో కలిసి కూర్చుని ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ప్రయోగాలతోనే నడిచే పాఠాలు తయారు చేశారు. పరీక్షలు కూడా పుస్తకం తెరిచిపెట్టుకుని రాసేవే. తర్వాత ఆ పని ఏకలవ్య సంస్థ చేతికి వచ్చింది, 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేదాకా మూడు దశాబ్దాలు సాగింది. మనకు దగ్గర్లో చూడాలంటే కుప్పంలో పిల్లలకు ప్రయోగాలతో సైన్స్ నేర్పే అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణం ఉంది. సైన్స్ బోధన మీదే పరిశోధన చేయాలనిపిస్తే ముంబైలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం ఆ రంగంలో పీహెచ్‌డీలు ఇస్తుంది.

తేల్చుకోవడానికి: మీ ఇంటి దగ్గరి జిల్లా పరిషత్ హైస్కూలు ప్రధానోపాధ్యాయుణ్ని కలవండి. రాతపూర్వకంగా అనుమతి అడగండి. పాఠం పేరు, తరగతి, తేదీలు, వాడే రసాయనాలు దరఖాస్తులో రాయండి. ఆ తరగతి సైన్స్ టీచర్ గదిలో ఉండాలన్న షరతు మీరే పెట్టండి. "సైన్స్ ఎంత గొప్పదో చెప్పే ఉపన్యాసం" ఇవ్వకండి, దానితో ఏమీ తేలదు. ఒకే తరగతికి ఒకే పాఠం, వరుసగా ఆరు పీరియడ్లు, చివర స్లిప్ టెస్టు పెట్టి నలభై పేపర్లూ మీరే దిద్దండి. పేపరుకు మూడు నిమిషాలనుకున్నా రెండు గంటలు. వారానికి ముప్పై పీరియడ్ల దాకా ఉండే టీచర్‌కు ఇలాంటి తరగతులు నాలుగైదు ఉంటాయి. ఆ రెండు గంటలు కూర్చుని, పిల్లల తప్పుల్లో మీకు ఆసక్తి పుడుతోందా, విసుగు పుడుతోందా చూసుకోండి.

పత్రహరితం:

ఆ పేపర్లు దిద్దేటప్పుడు మార్కులు వేసి వదలకండి, తప్పుల్ని రకాలుగా విడదీయండి. ఈ పాఠంలో మీకు తప్పకుండా ఎదురయ్యేవి రెండు: "మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి మాత్రమే శ్వాసక్రియ జరుపుతాయి", "మొక్కలు ఆహారాన్ని వేర్లతో పీల్చుకుంటాయి". స్లిప్ టెస్టులో నిర్వచనాలు అడిగితే ఇవి బయటపడవు, కంఠతా పట్టినది రాసేస్తారు. "మధ్యాహ్నం పన్నెండింటికి మందార ఆకు శ్వాసిస్తుందా? ఎందుకు?" అని అడగండి. చాలామంది లేదు అని రాస్తే ఏడో పీరియడు కూడా అడిగి తీసుకోండి.

ఎంజైమ్36:

తప్పకుండా. స్పిరిట్ మిగిలితే ఏం చేయాలి? సింకులో పోయొచ్చా? అలాగే మా వైపు సాయంత్రం పీరియడ్లకు ఫ్లాస్కు నీళ్లు చల్లబడతాయేమో.

పత్రహరితం:

పచ్చని స్పిరిట్ పారబోయకండి. ఒక సీసాలో పోసి మూత బిగించి చీకట్లో దాచండి. మర్నాడు వడపోత కాగితం పట్టీ ఒకటి అందులో నిలబెడితే రంగులు విడిపోవడం చూపించొచ్చు: పచ్చ, పసుపు. నాళికలు కడిగిన నీళ్లు ఎక్కువ నీటితో పలచన చేసి పోస్తే ఇబ్బంది లేదు.

నీళ్ల విషయం: ఫ్లాస్కులో ముందు కాస్త వేడినీళ్లు పోసి తిప్పి పారబోసి, తర్వాత మరిగే నీళ్లు నిండా నింపండి. సగం నింపితే త్వరగా చల్లారుతుంది. బీకర్ల కింద థర్మోకోల్ ముక్కలు పెట్టండి, సిమెంటు బల్ల వేడి లాగేస్తుంది. ఒక థర్మామీటర్ దగ్గర ఉంచుకుని 80 కంటే తగ్గిన జట్టుకు ముందు నీళ్లు మార్చండి. వేడినీళ్లు పోయడం మాత్రం మీరే చేయండి, పిల్లల చేతికి ఫ్లాస్కు ఇవ్వకండి.